జారుముడి వేసిన చేతులు

నేను ఒక ఖద్దరు జెండాను. కొలతలో రవ్వంత తేడా వచ్చినా పక్కన పడేసే చోట పుట్టాను. అంత పద్ధతిగా పుట్టినదాన్ని గనకే కాబోలు, నాకు ముక్కుమీద కోపం. పద్ధతి తప్పితే ఊరుకోలేను, అరుద్దామంటే నోరు లేదు.

నన్ను ఒక మండలాఫీసు తెచ్చుకుంది. అక్కడ నా బాగోగులన్నీ అటెండరు దస్తగిరి చూసేవాడు. నన్ను ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు. ఎగరేసేటప్పుడు చకచకా, దించేటప్పుడు నిదానంగా లాగాలని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దుగూకేలోగా దించి, నేల తగలనివ్వకుండా కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనబడేలా రెండరచేతుల మీద మోసుకెళ్లి బీరువాలో పెట్టేవాడు. ఎగరేసే రోజు మడతలో బంతిరేకులు పోసి అతను వేసే జారుముడి ఒక్క లాగుకే విడిపోయేది. పదకొండేళ్లలో ఒక్కసారీ బిగుసుకోలేదు.

ఆ ఏడు ఆగస్టు పదిహేను శనివారం వచ్చింది. తొమ్మిదికి రాహుకాలం. తహశీల్దారుగారు వచ్చేసరికే పావుతక్కువ తొమ్మిది. సీనియర్ అసిస్టెంటు చక్రపాణిగారు గడియారం చూసుకుని కంగారుపడిపోయి, దస్తగిరి చేతుల్లోంచి నన్ను లాక్కుని తానే తాడుకు కట్టసాగారు. పేరులో చక్రం ఉంది గానీ, ఏ రంగు పైకి రావాలో ఆ పెద్దమనిషికి పట్టలేదు.

“తిరగబడింది సార్. కాషాయం పైకి రావల్ల,” అన్నాడు దస్తగిరి.

“రాహుకాలం వస్తాంటే నీ పాఠాలేంది? పక్కకు జరుగు!”

నన్ను ఎగరేసే నియమాల్లో రాహుకాలం మాటే లేదు. ఉన్న నియమం చెప్పినవాణ్ణేమో నెట్టేశారు.

పైకెళ్లి విచ్చుకున్నాను. ఆకుపచ్చ పైన, కాషాయం కింద. పూలరేకులు రాలుతుంటే చప్పట్లు కూడా కొట్టారు! జాతీయగీతం అయ్యాకగానీ ఎవరూ వేలెత్తి చూపలేదు.

అప్పుడు చక్రపాణిగారు ఏమన్నారో తెలుసా?

“జెండా పని దస్తగిరిది సార్. ఆకుపచ్చ పైకి ఎందుకొచ్చిందో మీరే అర్థం చేసుకోండి.”

నాకు ఒళ్లు మండిపోయింది. తన తప్పును తీసుకెళ్లి అతని మతానికి అంటగట్టాడే! దస్తగిరి ముఖం మాడిపోయింది. “నేను కట్టలేదు సార్,” అన్నాడు. చూసినవాళ్లు నలభైమంది ఉన్నారు. అందరూ లడ్డూల పళ్లెం వైపు చూశారు. దస్తగిరికి మెమో ఇచ్చి, జెండా పని నుంచి తప్పించారు.

తరవాత నన్ను ఎవరెవరో కట్టారు. వానలో వదిలేశారు, నేలమీద ఈడ్చారు. అంచు చిరిగింది. చిరిగిన జెండాను ఎగరేయకూడదు, నలుగురి కళ్లబడకుండా గౌరవంగా అగ్నికివ్వాలి. నాకు దక్కింది రికార్డు గదిలో పాత ఫైళ్ల కింద చోటు.

నిన్న చక్రపాణిగారు గుమ్మంలోంచి కేకేశారు. “దస్తగిరీ, జీపు అద్దాలు తుడవాల. ఆ పాత జెండాగుడ్డ పట్టుకురా!”

దస్తగిరి వచ్చి నన్ను చూశాడు. వెనక్కి వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. దుమ్ము దులిపి, ఎప్పటిలాగే చక్రం పైకొచ్చేలా మడిచి, రెండరచేతుల మీదకు ఎత్తుకున్నాడు.

“ఇది గుడ్డ గాదు సార్. ఇంకో మెమో ఇస్తే ఇచ్చుకోండి,” అని ఆయన ముందునుంచే నడిచిపోయాడు.

రేపు పొద్దున నన్ను అగ్నికి ఇస్తాడట. ఆ చేతుల్లోంచి వెళ్లడానికి నాకే బెంగా లేదు. నా కోపం మాత్రం చల్లారలేదు. తలకిందులైన నన్ను ఆ రోజు అయిదు నిమిషాల్లో సరిచేశారు. ఆ మెమోను ఇంతవరకూ ఎవరూ సరిచేయలేదు.