తిన్నింటి గొంతు

పొద్దున్నే జిమ్ తలుపులు తీసేది వెర్నాయే. దీపాలు వేసి, నిన్నటి చెమట జెర్సీలు వాషింగ్ మెషీన్‌లో పడేసి, అది గుడగుడమంటూ తిరుగుతుంటే, తరవాత తలపడబోయే జట్టు వీడియో ముందు కూర్చునేది. పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారిపోయాక తాగేది. పిల్లలు వచ్చేసరికి బంతుల్లో గాలి సరిగ్గా ఉండేది, నీళ్ళ సీసాలు నిండి ఉండేవి, ఎవరి మడమకి పట్టీ వేయాలో ఆమెకి తెలిసి ఉండేది. అయోవా మొక్కజొన్న చేల నడుమ ఉన్న హాలర్డ్ కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆమె అసిస్టెంట్ కోచ్. అంటే ఏం పని అని ఎవరైనా అడిగితే, "గెలిస్తే కనబడను, ఓడితే కనబడతాను" అని నవ్వేది.

ఆ కాలేజీలో చదువుకునే రోజుల్లో నీళ్ళ సీసాలు మోసింది. తరవాత వీడియోలు కత్తిరించి అతికించింది. ఆ పైన మూడో అసిస్టెంటు, రెండో అసిస్టెంటు, చివరికి మొదటి అసిస్టెంటు. మెట్లు అక్కడితో ఆగిపోయాయి. హెడ్ కోచ్ పదవి ఖాళీ అయిన ప్రతిసారీ కాలేజీ పెద్దలు, పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఎక్కడెక్కడి వాళ్ళనో వెతికి తెచ్చారు. వచ్చినవాళ్ళకి తాళాలు ఎక్కడుంటాయో చూపించింది కూడా వెర్నాయే.

ఆమె అసలు పనంతా రోడ్డు మీదే. హైస్కూల్లో బాగా ఆడే పిల్ల ఎక్కడుందని తెలిస్తే అక్కడికి, మంచు కురుస్తున్నా సరే, కారు వేసుకుని పోయేది. ఆట చూసి, ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, వంటగదిలో పెద్దవాళ్ళతో కూర్చుని "మీ పిల్లని మా దగ్గరికి పంపండి" అని అడిగేది. వాళ్ళు పెట్టింది తినేది. వెర్నా ఏ ఇంట్లో భోంచేస్తే, ఆ ఇంటి పిల్లకి ఆనాటి నుంచి వెర్నా మాట తనని పెంచినవాళ్ళ గొంతులో వినబడేది. షికాగో నుంచి వచ్చిన పిల్లకి మేనత్త గొంతులో, బంతి నడిపే నయేలికి అమ్మమ్మ గొంతులో, అదీ స్పానిష్‌లో. వెర్నాకి స్పానిష్ రెండు ముక్కలు కూడా రావు.

ఆటలో బెదిరిపోయి బయటికొచ్చిన పిల్లని హెడ్ కోచ్ హాల్వర్సన్ చూసి, "పో, వెర్నా దగ్గరికి పో, మీ ఇంటివాళ్ళు పిలుస్తున్నారు" అనేవాడు. వెర్నా ఆ పిల్ల చెవిలో రెండు మాటలు చెప్పేది. పిల్ల ముక్కు తుడుచుకుని మళ్ళీ కోర్టులోకి పరిగెత్తేది. ఊరందరికీ తెలిసిన సంగతే. మంగలి షాపులో దాని గురించి కంటే వానల గురించే ఎక్కువ మాట్లాడుకునేవారు.

ఆ ఏడాది హాల్వర్సన్ రిటైరవుతున్నాడు. సరిగ్గా కప్పు కోసం ఆడే ఆఖరి ఆట ముందు ఆయనకి కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. జట్టుని నడిపించే భారం వెర్నా మీద పడింది. కాలేజీ అధ్యక్షుడు ప్రెంటిస్ జిమ్‌కి వచ్చి అందరి ముందే అన్నాడు: "వెర్నా గారూ, ఆ కప్పు పట్టుకొచ్చేయండి. ఇక నేను ఊళ్ళు పట్టుకుని వెతకడం ఎందుకు? హెడ్ కోచ్ మీరే."

ఆశపడి భంగపడటం వెర్నాకి అలవాటే. అయినా ఆశపడింది. బాగా ఆశపడింది.

ఎదుటి జట్టు ప్రాథర్ కాలేజీది. వాళ్ళకి ప్రాణం లాంటి ఆటగత్తె ఆడ్రా. ఆ పిల్ల హైస్కూల్లో ఉండగా వెర్నా వాళ్ళ డైరీఫారానికి కూడా వెళ్ళింది. తల్లీ తండ్రీ లేని పిల్లని తాత ఎర్ల్ పెంచాడు. ఆయన తన చేత్తో వండి పెట్టి, "మా బుడంకాయని కనిపెట్టుకుని ఉంటారా?" అని అడిగాడు. "ఉంటానండీ" అంది వెర్నా. ఆడ్రా చివరికి ప్రాథర్‌లో చేరింది. ఈ పనిలో అది మామూలే. ఎర్ల్ మొన్న నవంబరులో పోయాడని వెర్నా పేపర్లో చూసింది.

ఆట మొదలైంది. ఎప్పుడూ చెవుల్లో గుసగుసలాడే మనిషి ఆ రోజు నిలబడి గొంతెత్తి అరవాల్సి వచ్చింది. "ఎడమ మూలకి పోండి!" అని వెర్నా అరిస్తే, ఆమె పిల్లల కంటే ముందే ఆడ్రా ఎడమ మూలలో ఉంది. "మధ్యలోంచి దూసుకుపో!" అంటే మధ్యలో గోడలా నిలబడింది. బంతి చేతికందిన ప్రతిసారీ ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. సగం ఆట అయ్యేసరికి హాలర్డ్ బాగా వెనకబడింది.

డ్రెస్సింగ్ రూములో నయేలి తువ్వాలు విసిరికొట్టి, "కోచ్, నిజం చెప్పండి. ఆ ఆడ్రా వాళ్ళింట్లో మీరు తిన్నారా?" అంది.

వెర్నా ఒప్పుకుంది. "తిన్నాను."

"ఏం తిన్నారు?"

"పంది మాంసం వేపుడు, బంగాళాదుంపలు. తరవాత తీపికి ఆపిల్ పై."

"పై కూడానా! చంపారు పొండి. మీరు అరిచిందల్లా వాళ్ళ తాత చెబుతున్నట్టు ఆ పిల్లకి చేరిపోతోంది. మన గుట్టంతా మీరే విప్పి పెడుతున్నారు!"

నోరా వీపుకు తేకే అన్న సామెత ఈమె కోసమే పుట్టినట్టుంది. వెర్నా తల పట్టుకుంది. "మరి ఇప్పుడేం చేద్దాం?"

"మీరు నోరు మూసుకుని కూర్చోండి" అంది నయేలి. అని నాలిక కరుచుకుని, "అంటే... గౌరవంగానే చెబుతున్నా" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. "మీరు చెప్పాల్సినవన్నీ ఎప్పుడో చెప్పేశారు కోచ్. మాకు తెలుసు."

మిగతా ఆటలో వెర్నా పెదవి విప్పలేదు. చేతులు చంకల్లో దోపుకుని నిలబడింది. కోర్టులో నయేలి అరుస్తోంది, షికాగో పిల్ల అరుస్తోంది. "కాళ్ళు వంచవే! బంతిని కాదు, నడుం చూడు!" అన్నీ వెర్నా నేర్పిన మాటలే, ఆ పిల్లల సొంత గొంతుల్లో. గర్వంతో శభాష్ అనబోయి వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్కో బుట్టా వేసుకుంటూ పిల్లలు ప్రాథర్‌ని అందుకున్నారు. ఆట ముగిసే వేళకి ఒక్క పాయింటు ముందుకొచ్చేశారు కూడా.

అటువైపు ఆడ్రా మాత్రం నీరుగారిపోయింది. చేతికొచ్చిన బంతి జారవిడిచింది. మాటిమాటికీ తలెత్తి దేనికోసమో చెవి ఒగ్గుతోంది. చివరి క్షణాల్లో షికాగో పిల్ల ఆమెని గుద్దుకుంది. ఆ తప్పుకి ఆడ్రాకి, ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నుంచి వేసే ఫ్రీ త్రోలు రెండు ఇచ్చారు. రెండూ పడితే ప్రాథర్‌ది కప్పు. రెండూ పోతే హాలర్డ్‌ది.

ఆడ్రా గీత దగ్గర నిలబడింది. బంతి వెయ్యలేదు. మెల్లగా తల తిప్పి హాలర్డ్ బెంచీ వైపు చూసింది. సంతలో చెయ్యి వదిలేసిన పెద్దవాళ్ళ కోసం వెతుక్కునే పిల్ల చూపు అది. కుడి మోచెయ్యి బయటికి పోయి ఉంది. అలా వేస్తే బంతి పడదని వెర్నాకి తెలుసు.

ఊరుకుంటే చాలు. అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు. జీవితమంతా ఎదురుచూసిన పదవి ఒళ్ళో పడుతుంది. కానీ ఎర్ల్ వంటగదిలో కనిపెట్టుకుని ఉంటానంది. మా కాలేజీకి వస్తేనే అని షరతేమీ పెట్టలేదు.

"మోచెయ్యి లోపలికి, బుడంకాయ్" అంది వెర్నా, మెల్లగానే.

ఆడ్రా కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. మోచెయ్యి లోపలికి లాక్కుంది. మొదటిది పడింది. రెండోదీ పడింది. నయేలి దూరం నుంచి విసిరిన ఆఖరి బంతి ఇనుప చట్రానికి తగిలి ఎగిరిపోయింది. కప్పు ప్రాథర్‌ది.

డ్రెస్సింగ్ రూములో నయేలి గోడవైపు తిరిగి ఏడ్చింది. "మా కప్పు పోయింది కోచ్."

"పోయింది. నా వల్లే పోయింది. మీ తప్పు ఇసుమంత కూడా లేదు."

"మా అమ్మమ్మ అయినా అదే చేసేది" అంది నయేలి. "అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది." అలా అంటూనే వచ్చి వెర్నాని గట్టిగా పట్టుకుంది. ఆమె భుజమంతా తడిసిపోయింది.

ప్రెంటిస్ మాత్రం పట్టుకోలేదు. మర్నాడు ఆఫీసుకి పిలిచి, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే వెర్నా గారూ" అన్నాడు.

"ఎర్ల్ గారింట్లో కూడా తిన్నానండీ" అంది వెర్నా.

కొత్త హెడ్ కోచ్ ఆరిజోనా నుంచి వచ్చాడు. మంచి టై, మంచి పలువరస. వెర్నా అతనికి తాళాలు చూపించింది, వాషింగ్ మెషీన్ మొరాయిస్తే ఎక్కడ తన్నాలో చూపించింది. ఆ రోజు ఇంటికెళ్ళి చాలాసేపు కారులోంచి దిగలేదు.

వసంతం వెళ్ళేలోగా ప్రాథర్ కోచ్‌ని ఒక పెద్ద యూనివర్సిటీ ఎగరేసుకుపోయింది. ఆ వారంలోనే వెర్నాకి ఫోనొచ్చింది. ప్రాథర్‌లో క్రీడల వ్యవహారాలు చూసే పెద్దావిడ. "కోచ్‌గా ఎవరు కావాలని మా పిల్లల్ని అడిగానమ్మా. ఆడ్రా ఏదో చెప్పింది, మిగతావాళ్ళు అవునన్నారు. అందరూ ఒక్క పేరే చెప్పారు. వస్తావా?"

"అసిస్టెంటుగానా?" అంది వెర్నా అలవాటు కొద్దీ.

"కాదమ్మా, హెడ్ కోచ్‌గా."

ఈ కబురు వినగానే నయేలి ఫోన్లో కేకలు పెట్టింది. "వెళ్ళండి కోచ్! మిమ్మల్ని ఓడించి మా కప్పు మేం తెచ్చుకుంటాం" అంది.

వేసవిలో కొత్త జట్టు మొత్తాన్ని వెర్నా తన ఇంటికి పిలిచింది. మొక్కజొన్న కండెలు ఉడకబెట్టి, కోడి కాల్చింది. ఆడ్రా రెండుసార్లు వడ్డించుకుని, చివరికి గిన్నెలు కడిగి వెళ్ళింది.

నవంబరులో ప్రాథర్ జిమ్ నిండా జనం. తొలి ఆట. మైకులో పేరు పలకగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెర్నాకి ఎక్కడ చూడాలో తెలియలేదు. చొక్కా సర్దుకుని, తిన్నగా వెళ్ళి, బెంచీ మీద రెండో కుర్చీలో కూర్చుంది. హెడ్ కోచ్ కూర్చునే మొదటి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

ఆడ్రా కోర్టులోకి పోబోతూ ఆగి, వంగి, చెవి దగ్గర అంది: "పక్కకి జరగండి కోచ్."

వెర్నాకి అది అలా వినబడలేదు. అమ్మ పోయాక తనని పెంచింది పెద్దక్క జూన్. కోళ్ళఫారంలో పని చేసొచ్చి, గిడ్డంగి గోడ మీద బంతి కొట్టడం నేర్పిన జూన్, పోయి ఎన్నేళ్ళో అయిన జూన్. ఆ బొంగురు గొంతు, అదే విసురుతో అంది.

"పక్కకి జరుగవే వెర్నీ. అది నీ చోటు."

"సరే అక్కా" అని, వెర్నా జరిగి కూర్చుంది.