దక్షిణపు గోడ

జగ్గమ్మ కళ్ళకి పొర కమ్మి రెండేళ్ళు దాటింది. వాకిలి పక్కన మంచం మీద కూర్చుంటే వెలుగులో ఉన్నది మసగ్గా ఆనుతుంది, నీడలో ఉన్నది అసలే ఆనదు. కొడుకు లక్ష్ముడి ఫోటో ఒకటి ఆ ఇంట్లో ఉండేది. ఎప్పుడో రామతీర్థంలో తీయించుకున్నది, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి బొటనవేలితో తడిమి, "ఈడి మొకమే మర్సిపోతన్నానే తాయారూ" అని ఏడ్చేది. ఆ ఏడుపు వినబడినప్పుడల్లా కోడలు తాయారు చేతిలో పని ఆగిపోయేది.

లక్ష్ముడు కొత్తవలస వెళ్ళి కూడా రెండేళ్ళే. కిరండూల్ రైలు లైను పనికి మనుషులు కావాలంటే గరివిడి చుట్టుపక్కల నుంచి చాలామంది వెళ్ళారు, ఈ ఊరి నుంచి నలుగురు. ముగ్గురు తిరిగొచ్చారు. లక్ష్ముడు మొదట్లో ఉత్తరాలు రాయించేవాడు, తరవాత అవీ మానేశాడు. కొండల్లో రాళ్ళు పేల్చేటప్పుడు మనుషులు పోయేవారట అని ఊళ్ళో ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునేవాళ్ళు. జగ్గమ్మ ముందు మాత్రం ఎవరూ అనేవారు కాదు. కొడుకు వస్తాడన్న ఒక్క ఆశ మీద ఆ ముసలి ప్రాణం నిలబడి ఉందని అందరికీ తెలుసు.

తాయారుకి ఇంకోటి తెలుసు. లక్ష్ముడు బతికే ఉన్నాడు.

ఆమధ్య ఒకరోజు పుట్టింటికి వెళ్తున్నానని అత్తకి చెప్పి గరివిడిలో రైలెక్కింది. కొత్తవలసలో దిగి, కనబడిన ప్రతివాడినీ అడిగి, స్టేషను వెనక పెంకుటిళ్ళ వరసలో మొగుణ్ణి పట్టుకుంది. వాడు వాకిట్లో గొంతుక్కూర్చుని, అప్పుడప్పుడే కూర్చోడం నేర్చిన పిల్లాడికి నీళ్ళు పోస్తున్నాడు. లోపలి నుంచి ఎవరో ఆడమనిషి, "సెవుల్లోకి నీలెల్తాయి, సూసుకో" అని కేకేసింది. లక్ష్ముడు తలెత్తి తాయారుని చూశాడు. బాగున్నావా అనలేదు. ఎలా వచ్చావనీ అనలేదు. చెంబు కింద పెట్టి రెండడుగులు ముందుకొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మకి సెప్పకు" అన్నాడు. అంత దూరం పోయిన మనిషికి దొరికింది ఆ రెండు మాటలే. తాయారు వచ్చిన దారినే వెనక్కి వచ్చేసింది.

చెప్పలేదు. అత్త గుండె ఆగిపోతుందని భయం ఒకటి. దాచకుండా చెప్పుకోవాలంటే, మొగుడు వదిలేసిన ఆడదాన్నని ఊరికి చెప్పుకోవడానికి ఆమెకి నోరు రాలేదు. మొగుడు వస్తాడని ఎదురుచూసే ఇల్లాలిగా ఉండడం ఎంతో మర్యాదగా ఉంది. లోపల మాత్రం నిప్పు మింగినట్టు ఉంది.

ఈలోగా కూర్మయ్య ఊళ్ళోకి వచ్చాడు. విజయనగరంలో పటాలు కట్టే దుకాణం అతనిది. చిన్న ఫోటో ఇస్తే పెద్దది చేయించి, రంగులు వేయించి, అద్దం బిగించి, సైకిలు వెనక దుప్పట్లో చుట్టి ఇంటికే తెస్తాడు. తెచ్చీ తేగానే డబ్బడగడు. "ముందు గోడకెట్టి సూసుకోండమ్మా. ఏ గోడకి బాగుంటాదో, ఏ ఎలుతురికి అందమొస్తాదో సూసుకోండి. ఎనిమిది దినాలుంచండి. నచ్చకపోతే నా పటం నాకిచ్చీండి" అంటాడు. గోడకెక్కిన మనిషిని దింపి వెనక్కి పంపడానికి ఎవరికీ చేతులాడవని అతనికి బాగా తెలుసు. బేరం తెలిసినవాడు.

జగ్గమ్మ అతన్ని పిలిపించి ఆ అగ్గిపెట్టంత ఫోటో చేతిలో పెట్టింది. "ఈ మంచం మీంచి నా కొడుకు మొకం నాకు కనబడాల. కనబడితేనే తీసుకుంతాను" అంది. తాయారు పక్కనే నిలబడి ఉంది. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. "పడమటి గోడకయితే కాలీ ఉన్నాది" అని మాత్రం అనగలిగింది.

ఆ మాట ఊరికే అనలేదు. ఆ ఇంటికి వాకిలి ఉత్తరాన. లోపలికి పడే వెలుగంతా ఎదురుగా దక్షిణపు గోడ మీదే పడుతుంది. అక్కడ ఒక క్యాలెండరూ, పక్కనే పూలదండతో మావ సూరయ్య పటమూ ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా అంతే, దక్షిణపు గోడ పోయినవాళ్ళది. బతికున్నవాళ్ళ బొమ్మ ఆ గోడకి ఎవరూ పెట్టరు.

పదిహేను రోజుల తరవాత ఒక ఉదయం తాయారు చోడి చేనులో కలుపు తీస్తోంది. ఎండ నెత్తికెక్కే వేళకి వీధి వైపు నుంచి ఏడుపులు వినబడ్డాయి. ఎవరింట్లోనో అనుకుంది. గట్టు మీదికి వచ్చి చూస్తే ఆడవాళ్ళంతా తమ వాకిట్లోనే ఉన్నారు. అత్తకేమైందో అని పరుగెత్తింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పొరుగింటి దానమ్మ ఎదురొచ్చి రెండు ముంజేతులూ పట్టేసుకుంది.

"ఓలమ్మో, నీ కొంప ములిగిపోనాదే తాయారూ! కబురొచ్చీసినాదే! తెల్లసొక్కా ఆయన పటం తెచ్చి ఇచ్చీసినాడే!"

"ఎవులికే?"

"ఇంకెవులికే తల్లీ, లక్ష్ముడికే! ఆళ్ళ అయ్య పక్కనే ఎట్టీసినారే!" దానమ్మ బొటనవేళ్ళు తాయారు గాజుల్ని రాస్తున్నాయి. "ఇంకెన్నాళ్ళే నీకీ గాజులు!"

తాయారు నమ్మేసింది. ఇరవై రోజుల కిందట చూసిన మనిషి, ఈలోగా పోయి ఉంటాడు. పోవడానికి ఎంతసేపు? ఆ వెంటనే ఇంకోటి జరిగింది. గుండెల మీది బరువు దిగినట్టు, ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అందరిలాగా ఏడవచ్చు, అందరూ తన కోసం ఏడుస్తారు. హాయిగా అనిపించింది. అలా అనిపించిందని తెలియగానే సిగ్గుతో ఆమె ఒళ్ళంతా కుంచించుకుపోయింది. దానమ్మని తోసుకుని లోపలికి వెళ్ళింది.

దక్షిణపు గోడ మీద, క్యాలెండరు తీసేసిన మేకుకి, సూరయ్య పక్కన లక్ష్ముడు ఉన్నాడు. బుగ్గలకి ఎర్రరంగు, నల్లకోటు, టై. జన్మలో కోటు తొడిగి ఎరగడు. దాని కింద కూర్మయ్య చేతులు జోడించుకుని, ఎవరు కొడతారో అన్నట్టు నిలబడి ఉన్నాడు.

"నాను ఏటీ అన్నేదమ్మా, నా పిల్లల మీదొట్టు" అన్నాడు తాయారుని చూడగానే. "పడమటి గోడకెట్టేను, ముసలమ్మకి అగుపడనేదు. ఇక్కడెట్టి సూడు నాయినా, సూడ్డానికేగా అని ముసలమ్మే అన్నాది. ఎట్టేను. కనబడతన్నాడు, నా నాయిన కనబడతన్నాడు అని సంతోసంతో ఏడ్సీసినాది. ఆ ఏడుపు ఇని ఈయమ్మెవరో తొంగిసూసి ఈదిలోకి పరుగెత్తినాది."

అంతే జరిగింది. ఏ కబురూ రాలేదు. దక్షిణపు గోడనీ, ఏడ్చే ముసలమ్మనీ, తెల్లచొక్కా కొత్త మనిషినీ చూసి దానమ్మ మిగతాది తనే అల్లుకుంది. ఆమె తప్పేం ఉంది? ఆ ఊళ్ళో ఎవరు చూసినా అదే అనుకునేవారు.

కానీ ఇప్పుడు జగ్గమ్మే వాళ్ళ మాట నమ్మేసింది. వీధంతా ఏడుస్తుంటే, తన కొడుకు సంగతి అందరికీ తెలిసి తనకే దాచారనుకుంది. మంచం దిగి, నేల మీద చేతులు తడుముకుంటూ గోడ వైపు పాకుతోంది. "నా కొడుక్కేటయినాదో ఎవులూ సెప్పరేటే? గుడ్డిదాన్నని దాసీసినారేటే?" అంటోంది.

తాయారు నోరు విప్పలేదు. విప్పక్కర్లేదు కూడా. తను ఒక్క అబద్ధమూ ఆడలేదు, ఎవరిచేతా ఆడించలేదు. ఊరుకుంటే చాలు, లక్ష్ముడు ఈ పూటతో పోయినవాడైపోతాడు. అమ్మకి సెప్పకు అన్నాడుగా, చెప్పనట్టే అవుతుంది. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. జగ్గమ్మ గోడ దాకా చేరింది. చేరి, నుదురు గోడకేసి కొట్టుకుంది. ఒకసారి, ఇంకోసారి. మూడోసారికి తాయారు అడ్డం పడి ఆ తల గుండెలకి అదుముకుంది.

"లక్ష్ముడు పోనేదు అత్తా! బతికే ఉన్నాడు. నాను సూసేను!"

ఏడుపులు ఆగిపోయాయి.

"ఎక్కడ?" అంది జగ్గమ్మ.

"కొత్తవలసలో. పుట్టింటికని సెప్పి ఎల్లింది అక్కడికే."

"మరి ఇంటికి రమ్మననేదా?"

గుమ్మంలోంచి దానమ్మ, "మొగుడు కనబడితే రమ్మనవేటే?" అంది.

"ఆడికి అక్కడింకో ఇల్లున్నాది అత్తా. ఒక గుంటడున్నాడు. నీకు సెప్పొద్దన్నాడు."

దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతసేపూ తాయారు కోసం ఏడ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు ఆమెని కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా చూడ్డం మొదలుపెట్టారు, ఈ మనిషిలో వాడికి ఏం తక్కువైందో కనిపెట్టాలన్నట్టు. "కడుపు పండకపోతే అంతే మరి" అంది వెనక ఎవరో, వినబడేలాగే. మొగుడు చచ్చి ఉంటే వీళ్ళే పది రోజులు అన్నం వండి తెచ్చేవాళ్ళు.

కూర్మయ్య గబగబా పటం దింపాడు. పడమటి గోడకి పట్టుకుని, "ఇక్కడెలాగున్నాదమ్మా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. జగ్గమ్మ అటు చూసి తల అడ్డంగా ఊపింది. పొయ్యి పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడా ఆనలేదు. "పోనీ పట్టుకెళిపోతానమ్మా. నచ్చకపోతే ఇబ్బంది నేదు, ముందే సెప్పేనుగా" అని దుప్పటి తీసుకున్నాడు.

జగ్గమ్మ కోడలి చేయి పట్టుకుని మంచం మీద కూర్చుంది. నుదుటి మీద చర్మం చిట్లి ఎర్రబడింది.

"ముందెక్కడున్నాదో అక్కడే ఎట్టు" అంది చివరికి.

"అదేటే జగ్గమ్మా!" అంది దానమ్మ. "బతికున్నోడిని ఆ గోడకెడతావేటే?"

"రెండేళ్ళు నా గుమ్మం తొక్కనోడు, అమ్మకి సెప్పకన్నోడు, ఆడు నా కొడుకేటి? నా కొడుకు పోనాడు. ఆళ్ళ అయ్య పక్కనున్నాడు. ఎట్టు బాబూ."

కూర్మయ్య పెట్టాడు. కొడుకు పోయాడని తల్లే అంటే, కోడలి మాటేమిటి? దానమ్మ చూపు మెల్లిగా తాయారు నుదుటి మీదికి వెళ్ళింది. చేలో పట్టిన చెమటకి అక్కడి బొట్టు అప్పటికే సగం చెరిగిపోయింది. తాయారు ఆ చూపు చూసింది, ఇందాక గుమ్మం దగ్గర ఊపిరి తేలిగ్గా పీల్చుకున్నదీ గుర్తొచ్చింది. ఇదే కదా నువ్వు కోరుకున్నది, తీసుకో అని తనకి తనే అనుకుని తల వంచుకుంది.

"దానమ్మా" అంది జగ్గమ్మ. ఆ చూపు ఆమెకి కనబడే వీల్లేదు, అయినా ఆమెకి తెలిసింది. "దేవుడి గూట్లో కుంకం బరిణున్నాది. దీనికి బొట్టెట్టు. ముండమోపిదాన్ని, నాను ఎట్టకూడదు."

దానమ్మ నిలబడిపోయింది.

"ఎట్టవేటి? కొడుకు పోనాడు నాకు. దీనికేటీ పోనేదు. మీరంతా ఏడవడానికేగా వచ్చినారు? కూకోండి, నాతో పాటు ఏడవండి. ముందు దీనికి బొట్టెట్టి ఏడవండి."

దానమ్మ వెళ్ళి బరిణె తెచ్చింది. ఇందాక గాజులు తడిమిన వేలితోనే కుంకుమ తీసింది. తాయారు నుదురు ఎత్తింది. కొత్తవలసలో రాని కన్నీళ్ళు, రైల్లో రాని కన్నీళ్ళు, ఇరవై రోజులుగా ఎక్కడున్నాయో, ఇప్పుడు గొంతులోంచి పెద్ద శబ్దంతో వచ్చాయి. ఆ బొట్టు ఎవరి పేరు చెప్పి పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. లక్ష్ముడి పేరు మీద కాదని మాత్రం తెలిసింది. ఒక చేయి చాపి అత్త చేతిని వెతుక్కుంది. ముసలి వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

ఏడుపుకి తల అదురుతోంది, నుదురంతా చెమట. కుంకుమ నిలవక ముక్కు మీదికి జారింది. దానమ్మ కొంగుతో తుడిచి, ఆ తలని ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని, రెండోసారి పెట్టింది.