నలభై ఆదివారాల కార్డు

చర్చి బడిలో ఒకటో తరగతికి సీటు కావాలంటే, తల్లో తండ్రో ఏడాదిలో నలభై ఆదివారాలు ఆరాధనకు వచ్చినట్టు పాస్టరుగారి సంతకాలున్న కార్డు చూపించాలి. కూతురిని వెంటబెట్టుకొచ్చిన ప్రసూతి వార్డు నర్సు కార్డులో పదకొండే ఉన్నాయి.

"మిగతా ఆదివారాలు ఏమయ్యాయమ్మా?" అని అడిగాడు హెడ్మాస్టరు.

"డ్యూటీలో ఉన్నానండీ. పురుళ్లకు ఆదివారం సెలవుండదు కదా!"

"నిజమే, కానీ రూలు రూలే. నా చేతుల్లో ఏం లేదు."

అప్పుడే సీటు దొరికిన బట్టల కొట్టాయన, గుమ్మం దాటుతూ భార్యతో నవ్వుతూ అన్నాడు. "హమ్మయ్య! ఇక ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోవచ్చు."

నర్సుకు ఒళ్లు మండిపోయింది.

"విన్నారా సార్? ఆయన ఇన్నాళ్లూ వచ్చింది దేవుడి కోసమా, ఈ కార్డు కోసమా? మీ కోడలి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగిందే, అది ఏ రోజు? ఆదివారమే! ఆ పూట నేను వార్డు వదిలేసి ఇక్కడికొచ్చి సంతకం పెట్టించుకోవాల్సిందా?"

హెడ్మాస్టరు తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే దరఖాస్తు మీద 'అర్హత లేదు' అని ముద్ర కొట్టాడు.

బయటికొచ్చాక కూతురు చెయ్యి లాగింది. "అమ్మా, నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ."

అరగంటలో పిల్లను సర్కారు బడికి తీసుకెళ్లింది. అక్కడి పంతులమ్మ పేరు, వయసు అడిగి పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టింది. పిల్ల పక్కవాళ్లతో కబుర్లలో పడింది. తల్లికి మాత్రం ఆ కోపం సాయంత్రం డ్యూటీకెక్కినా చల్లారలేదు.