దుప్పట్ల అలమర పక్కన ఊట

శిరోమణి నాలుగో గదిలో దుప్పట్లు మార్చి, నడుం పట్టుకుని నిలబడేసరికి తోటి ఆయా డెబోరా తలుపు దగ్గరకొచ్చింది.

"ఆంటీ, పదింటికి అసెస్‌మెంట్ మేడమ్ వస్తుందంట. కారిడార్‌లో ఏమీ ఉండకూడదంది మేనేజర్. కిటికీ గట్లు కూడా క్లియర్ చెయ్యమంది."

"చేస్తాలేమ్మా. డబుల్ షిఫ్ట్ కదా, కాళ్లు నావి కానట్టున్నాయి."

ఆక్లండ్‌లో మౌంట్ రాస్కిల్ అనే పేటలోని ఆ వృద్ధుల హోమ్‌లో ఆయాగా ఆమెకిది ఆరో ఏడు. తెనాలిలో పన్నెండేళ్లు నర్సుగా చేసింది. ఆ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లలేదు. పరీక్ష రాద్దాం రాద్దాం అనుకుంటూనే 2006 వచ్చేసింది. యాభై రెండేళ్ల పొట్టి మనిషి. బ్లీచింగు నీళ్లకు వేళ్ల చివర్లు తెల్లగా పగిలాయి. ఆమెను ఎవరూ తిట్టరు, అలాగని పొగడరు కూడా.

ట్రే పట్టుకుని గట్ల మీదున్నవన్నీ తీసింది. పాత పత్రికలు, పూలకుండీ, ఎవరిదో కళ్లజోడు, దుప్పట్ల అలమర పక్కనున్న స్టీలు గ్లాసు. ట్రే వంటింటి సింకు దగ్గర పెట్టేసి, తొమ్మిదో గదిలో థనాసిస్‌కు స్నానం చేయించడానికి వెళ్లింది.

ఎనభై ఏడేళ్ల గ్రీకు ముసలాయన. ఆక్లండ్‌లో నలభై ఏళ్లు ఫిష్ అండ్ చిప్స్ కొట్టు నడిపాడు. మూడేళ్లుగా మతిమరుపు ఆయన ఇంగ్లీషంతా తినేసింది. మిగిలింది గ్రీకు, పెత్రోవ్రీసి అనే ఊరు. ఇంగ్లీషున్న రోజుల్లోనే ఆ ఊరంతా శిరోమణికి చెప్పాడు. కొండవాలున నలభై ఇళ్లు. అడుగున ఊట, మధ్యలో రాతి కళ్లం, పైన చర్చి. యుద్ధంలో జర్మన్ సైనికులు పై వరస ఇళ్లు తగలబెడితే జనం మళ్లీ కట్టుకున్నారు. తర్వాత భూకంపమొచ్చి ఊట ఎండిపోయింది. అగ్గికి కదలని ఊరు నీళ్లు లేక రెండేళ్లలో ఖాళీ అయింది. ఆఖరి ఇంటికి తాళం వేసి వచ్చింది తనేనట.

ఆయన్ని నడిపించే కిటుకు శిరోమణిదే. కారిడార్‌నే ఊరు చేసింది. అలమర ఊట, నర్సుల బల్ల కళ్లం, భోజనాల హాలు చర్చి. అలమర పక్క గట్టు మీద తన పెళ్లినాటి గ్లాసుతో నీళ్లు పెట్టేది. ఆయన ఆగి, దాని మీద చెక్కిన తెలుగు అక్షరాలు వేలితో తడిమి, తాగి, మూతి తుడుచుకుని పైకి నడిచేవాడు. హాలుదాకా సొంతంగా నడిస్తేనే ఈ హోమ్‌లో ఉంచుతారు. లేకపోతే దూరంగా పాపకూర అనే పేటలో మంచాన పడ్డవాళ్ల హోమ్‌కి పంపేస్తారు. అక్కడ ఆయన ఊరు తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు. ఆమె భయమంతా అదే.

పదింటికి ఆయన నడక చూడ్డానికి అసెస్‌మెంట్ మేడమ్ ఫైలుతో వచ్చి నిలబడింది.

"పదండి తాతగారూ, ఊట దాకా," అంది శిరోమణి తెలుగులోనే. మాట తెలియకపోయినా ఆ గొంతు ఆయనకు తెలుసు. వాకర్ పట్టుకుని బాగానే కదిలాడు. అలమర దగ్గర ఆగి గట్టు మీదకు చెయ్యి చాచాడు. ఖాళీ గట్టు మీద ఆ చెయ్యి అటూ ఇటూ వెతికింది.

శిరోమణికి సింకు దగ్గర పెట్టిన ట్రే గుర్తొచ్చింది.

"ఉండండి తాతగారూ, ఇప్పుడే తెస్తా!"

వంటింట్లోకి పరిగెత్తి, గ్లాసు నింపి, ఒలకబోసుకుంటూ వచ్చేసరికి ఆయన వాకర్ వెనక్కి తిప్పేశాడు. గ్లాసు ముందుకు చాపితే చూడనైనా లేదు. ఆమె భుజం తట్టి గ్రీకులో ఏదో అన్నాడు. అందులో ఒక్క మాట ఆమెకు తెలుసు. ఎండిపోయింది, అని. గదిలోకి వెళ్లి తలుపు మూస్తూ, తాళం వేసినట్టు గాలిలో వేళ్లు తిప్పాడు.

"తప్పు నాది మేడమ్, ఇంకొక్కసారి చూడండి," అని శిరోమణి ఇంగ్లీషులో బతిమాలింది. గురువారం వస్తానంది ఆవిడ.

మధ్యాహ్నం టీ తీసుకెళ్తే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది. వయసు మీదపడింది, ఇంకో కారణం వెతకక్కర్లేదన్నాడు డాక్టరు. శిరోమణికి ఆ మాట సరిపోలేదు.

"మూడేళ్లు పెట్టానమ్మా ఆ గ్లాసు," అంది డెబోరాతో. "ఇవాళ నా చేత్తో నేనే తీసేశాను."

"బాగా టైర్డ్ అయిపోయారు ఆంటీ, అందుకే."

"టైర్డ్ అవ్వడం రోజూ ఉన్నదేగా."

షిఫ్టు అయ్యాక ఇంటికెళ్లే న్యూ లిన్ బస్సుకు బయల్దేరి అలమర దగ్గర ఆగింది. గ్లాసు ఇంటికి తీసుకుపోదామని సంచిలో వేసుకుంది కానీ, మనసొప్పలేదు. మళ్లీ నింపి గట్టు మీద పెట్టి, కళ్లు తుడుచుకుని బయటికి నడిచింది. మూడేళ్లుగా ఆయన వేలు తడిమి తడిమి 'శిరోమణి' అన్న పేరు సగం అరిగిన ఆ గ్లాసు, అంచుదాకా నీళ్లతో అక్కడే ఉంది.