తులాభారం తర్వాత

"ఇంత ఒళ్ళు చేసినవు, ఇంకేం రోగమే నీకు?" అంది సావిత్రమ్మ, వాకిట్లో కందిపప్పు చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కోడలి వెనక నిలబడి.

ప్రభావతి తలెత్తలేదు. పొద్దున చాయ్ తాగి పట్టుకున్న చేట అది. ఎండ గోడ దిగి గచ్చు మీదకు వచ్చినా చేటలో పప్పు తరగలేదు. రాయి కనబడుతూనే ఉంది, అది రాయని తెలుస్తూనే ఉంది. కానీ తీయాలనుకోవడానికీ వేలు కదలడానికీ మధ్య ఒక వాగు దాటాల్సి వస్తోంది. పక్కన కూలికి వచ్చిన మల్లమ్మ అప్పటికే మూడు చేటలు బాగుచేసి గోనెలో పోసింది.

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు మీద పాండురంగం కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ నడుమ పప్పులూ చింతపండూ మిరపకాయలూ ఎండబోసి బాగుచేసే వాకిలి. చుట్టుపక్కల ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కిరాయి గదుల్లో దిగుతున్నారు, దుకాణానికి గిరాకీ పెరిగింది, గిరాకీతో పాటు వాకిట్లో పనీ పెరిగింది. ఆ పనికి మల్లమ్మకు కూలి ఉంది. ఇంటి కోడలికి కూలి ఉండదు, పేరు ఉంటుంది. పాండురంగం భార్య చెయ్యి పడితే పప్పులో రాయి ఉండదని పేరు. పదేళ్ళు ఆ పేరు మోసింది ప్రభావతి.

పోయిన వానాకాలం ఆమెకు జబ్బు చేసింది. ఎందుకు చేసిందో చెప్పడానికి ఇంట్లో చావు లేదు, కష్టం లేదు. ముందు జడ వేసుకోవడం మానేసింది. తర్వాత తినడం, ఆ తర్వాత మాట్లాడటం. బావి గట్టు మీద కూర్చుంటే ఎవరో వచ్చి చెయ్యి పట్టుకునేదాకా లేచేది కాదు. ఆ కూర్చోవడంలో ఏముందో మొదట కనిపెట్టింది మల్లమ్మ. పాండురంగం భూతవైద్యుల వెంట తిప్పకుండా నేరుగా పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అందుకు ఊరంతా మెచ్చుకుంది. "ఇంకొకడైతే ఇంకో పిల్లను తెచ్చుకుంటుండె" అని ఆమె ఎదుటే అన్నారు. ఇంకో పిల్లను తెచ్చుకోనందుకు ఆమె ముఖంలో కృతజ్ఞత కనిపిస్తుందేమోనని ఎదురుచూశారు కూడా.

ఆసుపత్రికి పోయేనాడు నాలుగేళ్ళ విమల దుకాణం మెట్టు మీద నిలబడి, "అమ్మా, జల్దీ రావాలె" అని కేకేసింది. ప్రభావతి వెనక్కి తిరిగి చూడలేదు. చూడొద్దని కాదు, మెడ తిప్పడానికి కావలసినంత మనిషి అప్పుడు ఆమెలో లేదు. రెండు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి పిల్ల నానమ్మ కుచ్చిళ్ళ వెనక్కి పోయి దాక్కుంది.

తలకు కరెంటు పెట్టారు, మాత్రలు ఇచ్చారు. లేనిపోనిది అనకూడదు, మేలే జరిగింది. చచ్చిపోవాలన్న తలపు పోయింది. అన్నం తింటోంది, జడ వేసుకుంటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. పైనుంచి చూసేవాళ్ళకు ఇంకేం కావాలి? కానీ వరద తీసిన ఇంట్లో తడి ఎక్కడెక్కడ ఉందో ఆ ఇంట్లో పడుకునేవాళ్ళకే తెలుస్తుంది. అన్నం నోట్లో పెట్టుకుంటే తడిసిన కాగితం. కోడి కూయకముందే మెలకువ వచ్చి, దేనికో తెలియని భయం రొమ్ము మీద కూర్చునేది. పొయ్యి అంటించి, దేనికి అంటించిందో గుర్తురాక నిలబడేది. పోపు మాడిన వాసన ఆమెకంటే ముందు అత్తకు తెలిసేది. "ధ్యానమెక్కడుందే?" అనేది సావిత్రమ్మ. ఎక్కడా లేదు. అదే కదా బాధ. అన్నిటికంటే ఘోరమైనది ఎవరితోనూ అనలేనిది. విమల మళ్ళీ చేరువై మెడ చుట్టూ చేతులు వేసినప్పుడు, మెడ చుట్టూ చేతులున్నాయని తెలిసేది. అంతే తెలిసేది. పిల్ల మీద ప్రేమ ఉందని ఆమెకు గుర్తుంది, ఎవరి ఇంట్లోనో చూసిన సామాను గుర్తున్నట్టు.

ఈ సంగతులు డాక్టరుకు చెప్పాలని మొదటి నెల చూపించుకోవడానికి పోయినప్పుడు దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. ఆ గదిలో పద్ధతి వేరు. డాక్టరు అడిగేది రోగి వెంట వచ్చినవాళ్ళను.

"తింటున్నదా?"

"మస్తు తింటున్నది సార్," అన్నాడు పాండురంగం.

"నిద్ర?"

"మంచిగ పండుకుంటది."

"ఇంటి పని?"

"చేస్తది సార్. జెర నిదానం."

డాక్టరు అప్పుడు ఆమె వైపు తిరిగి, "బాగున్నవా అమ్మా?" అన్నాడు. ఆమె కూడబెట్టుకున్న మాటల్లో మొదటిది ఏదో వెతుక్కునేలోపే పాండురంగం నవ్వాడు. "బాగున్నది సార్. నలుగురిల మాట్లాడాల్నంటే సిగ్గు." డాక్టరు కార్డు మీద ఏదో రాశాడు. మాత్రలు ఏడాది దాకా ఆపొద్దన్నాడు, వాటితో ఒళ్ళు వస్తుంది, కంగారు పడొద్దన్నాడు. పాండురంగం ఒళ్ళు వస్తుందన్న మాట ఒక్కటే ఇంటికి పట్టుకొచ్చాడు.

ఆ ఒళ్ళే ఆమె కొంప ముంచింది. కోడలు మనిషైతే ఆమె బరువుకు సరిపడా బెల్లం ఇస్తానని సావిత్రమ్మ ఝరాసంగం దేవునికి మొక్కుకుంది. పుట్టింది మొదలు కాంటా చూస్తూ బతికిన ఇల్లు అది. తూకం పెరిగిందంటే ఆ ఇంట్లో మంచి జరిగినట్టే. కోడలి రవికలు బిగుతైన నాడే సావిత్రమ్మ, "ఇగ మొక్కు తీర్చాలె" అంది. దుకాణంలోని పెద్ద కాంటా విప్పి బండికెక్కించి ఝరాసంగం తీసుకుపోయారు. చుట్టాలందరి ముందు ప్రభావతిని ఒక పళ్ళెంలో బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు పేర్చారు. నాలుగు బుట్టలు సరిపోతాయనుకున్నారు. సరిపోలేదు.

"మందులు తిన్నదా, బెల్లం తిన్నదా మీ కోడలు!" అన్నారెవరో. గొల్లున నవ్వారు. ఐదో బుట్ట తెచ్చారు. పాండురంగం అలవాటు కొద్దీ కాంటా ముల్లు మీదే కళ్ళు పెట్టాడు. ముల్లు నిలబడగానే అతని ముఖం వెలిగింది. పళ్ళెంలో ఉన్నదాని ముఖం ఎవరూ చూడలేదు. ఆమె మాత్రం ఆ ఊగుతున్న పళ్ళెంలో కూర్చుని, తాను లోపల ఏమీ లేకుండా ఇంత బరువు ఎలా ఉందా అని ఆశ్చర్యపోతోంది.

ఆ మర్నాడే మాత్రల సీసా దుకాణంలో పై అరలోకి పోయింది.

"డాక్టరు ఏడాది అన్నడు గదా," అంది ప్రభావతి భర్తతో.

"దేవునికి ముట్టజెప్పినంక మళ్ళ మందులంటే దేవున్ని నమ్మనట్టు గాదా?" అన్నాడు అతను. కోపంగా కూడా కాదు, పిల్లకు చెప్పినట్టు. "నీకు బాగైంది. బాగైందనుకో, అంతే."

"నాకింకా..."

లోపలి నుంచి సావిత్రమ్మ వచ్చింది. "ఇంకా ఏంది? మళ్ళ రోగం గీగం అంటివో, మీ తమ్మునికి కబురు పెడ్త, వచ్చి పుట్టింటికి తోల్కపోతడు. నువ్వు పో. పిల్ల ఈడ్నే ఉంటది."

ఆ మాటతో ప్రభావతి నోరు మూతపడింది. ఒకసారి పిల్లను వదిలి పోయి వచ్చింది, మళ్ళీ పోతే ఆ కుచ్చిళ్ళ వెనక నుంచి పిల్ల ఇక బయటికి రాదు. అప్పటి నుంచి బాగున్నదానిలా ఉండటం కూడా ఆమె ఇంటి పనుల్లో ఒకటైంది. పొద్దున లేవగానే ముఖానికి పసుపు రాసుకున్నట్టు ఒక తీరు పూసుకునేది. ఎవరైనా పలకరిస్తే నవ్వాలి, కూర రుచిగా ఉందనాలి. మిగతా చాకిరీకి సాయంత్రమైతే చేతులు కడుక్కోవచ్చు. దీనికి ఆ వెసులుబాటు లేదు.

వాకిట్లో మల్లమ్మ ఇంకో చేట నింపుకుంటూ, అత్త లోపలికి పోయిందని చూసుకుని, "సావుకారమ్మా, నీకింక తక్కువ కాలేదు గదా?" అంది.

ప్రభావతి ఉలిక్కిపడింది. "నీకెట్ల తెలుసు? నవ్వుకుంటనే ఉన్న గదా."

"నవ్వుతున్నవు. నేను నవ్వినంక, సూసి నవ్వుతున్నవు."

ప్రభావతి చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. ఇన్ని నెలల్లో ఆమెను నిజంగా చూసిన మనిషి ఈమె ఒక్కతే.

"మందులు బంద్ చేసి ఎన్ని దినాలాయె?"

"ఇరవై."

"మరి చెప్పరాదు ఇంట్ల?"

"చెప్తే పంపిస్తరు. పిల్లనియ్యరు."

"చెప్పకుంటే మళ్ళ బాయికాడ గూసుంటవు. అప్పుడు పిల్ల ఎవరికాడుంటది?" మల్లమ్మ చేట ఎగరేసింది. పొట్టు లేచి ఇద్దరి మీదా పడింది. "నేనెన్నిసార్లని సూడాలమ్మా? నాకున్నయి రెండే కండ్లు."

ప్రభావతికి బావి గుర్తొచ్చింది. నిన్న పొద్దున నీళ్ళు తోడటానికి పోయినప్పుడు చేద పైకి వచ్చాక కూడా తాను లోపలికే చూస్తూ నిలబడింది. నీళ్ళు చల్లగా, హాయిగా కనిపించాయి. ఎంతసేపు చూసిందో తెలియదు. ఎవరూ రాలేదు, తనంతట తనే వచ్చేసింది. రేపు తనంతట తను రాగలదా? చెబితే పిల్ల దూరమవుతుందని ఇన్నాళ్ళూ భయపడింది. చెప్పకపోయినా పిల్ల దూరమవుతుంది. అది ఇంకా పెద్ద దూరం.

మర్నాడు వంట దించి, చీర మార్చుకుని, ఆసుపత్రి కార్డు కొంగున కట్టుకుంది. దుకాణం ముందు నుంచే బయటికి వచ్చింది. పాండురంగం ఎవరికో శనగలు తూస్తున్నాడు. "పట్నం పోతున్న," అంది. గిరాకీ ముందు అతను ఏమీ అనలేడని ఆమెకు తెలుసు. అతని చెయ్యి గాలిలో ఆగింది. అప్పటికే సంగారెడ్డి నుంచి వచ్చిన బస్సు ఆగింది.

ఆసుపత్రిలో నౌకరు అడ్డుపడ్డాడు. "నీ ఎంట ఎవరొచ్చిండ్రు?"

"ఎవరు రాలే."

"ఎవరు లేకుంటే ఎట్ల? నీ సంగతి ఎవరు చెప్పాలె?"

డాక్టరు ఆ మాట విని లోపలికి రానిమ్మన్నాడు. కార్డు తిప్పి చూశాడు. "పోయినసారి అంతా బాగుందని రాసి ఉందే అమ్మా."

"అది మా ఆయన బాగు సార్," అంది ప్రభావతి. "నాది చెప్పనీకి వచ్చిన."

చెప్పింది. మాటలు వరసలో రాలేదు. అన్నం రుచి దగ్గర మొదలుపెట్టి బావి దగ్గరికి పోయింది, అక్కడి నుంచి పోపుకు వచ్చింది, మధ్యలో రెండుసార్లు ఏం చెబుతోందో మరిచిపోయింది. పిల్ల చేతుల సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆగలేదు. డాక్టరు కలం కింద పెట్టి విన్నాడు. తర్వాత రాశాడు. మాత్రలు ఆపినందుకు కసిరాడు. మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు, నెల నెలా రావాలన్నాడు. కొన్ని త్వరగా పోతాయి, కొన్ని ఏడాదైనా పడుతుంది, కొన్ని పూర్తిగా పోకపోవచ్చు అని దాచకుండా చెప్పాడు.

"పిల్ల మీద..." అంది ఆమె.

"అది వస్తదమ్మా. ఆఖరుకు వస్తది. అందాక పిల్లను దగ్గరికి తీసుకునుడు మానొద్దు." ఆ తర్వాత కాగితం తీశాడు. "మీ ఇంటాయనకు ఒక చీటీ రాసిస్త."

"వద్దు సార్. నేనే చెప్త."

బస్సు దిగేసరికి పొద్దు పడమటికి వాలింది. వాకిట్లో ముగ్గురూ ఉన్నారు. సావిత్రమ్మ పిల్ల రెక్క గట్టిగా పట్టుకుని నిలబడింది. పాండురంగం దుకాణం వదిలి వచ్చాడు.

"చెప్పకుంట చెయ్యకుంట ఎటు పోయినవే?" అంది సావిత్రమ్మ.

"చెప్పే పోయిన అత్తమ్మా. దవఖానకు." ప్రభావతి కొంగు ముడి విప్పి మాత్రల పొట్లం చూపించింది. "నాకు నయం కాలే. కొంత అయింది, అంత కాలే. మందులు తెచ్చుకున్న. నెల నెల పోత."

"విన్నవా రా? మళ్ళ మొదలువెట్టింది. రేపే దీని తమ్మునికి..."

"పిలువుండ్రి. వాని ముందు గూడ ఇదే చెప్త. పిల్లను ఇడిచి మాత్రం పోను." ఊపిరి తీసుకుంది. "నయమైనట్టు ఉండుడు నాతోని కాదు అత్తమ్మా. నయం కాకుండనే ఉంట. ఈడనే ఉంట."

సావిత్రమ్మ కొడుకు వైపు చూసింది. పాండురంగం ఎవరి వైపూ చూడలేదు. దుకాణంలో ఎవరైనా వింటున్నారేమోనని గొంతు తగ్గించి, "నీకెట్లున్నదని ఊర్లె అడిగినోళ్ళకు ఏం చెప్పాలె నేను?" అన్నాడు.

"మీరేం చెప్పకుండ్రి," అంది ప్రభావతి. "నన్ను పిలువుండ్రి."