ఏటిమొగలో ఆడపీతలు లేవట

"పీతల్ని కడగమంటే కడగాలి గానీ, పొట్టలు విప్పి చూడడమేమిటే తల్లీ! జాతకాలు చెప్తావా వాటికి?" అన్నారు మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడం ఈ ఇంట్లో నేను మొదట నేర్చుకున్న పని. పీతల్ని బాగుచెయ్యడం రెండోది. మా ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్తారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దొరికే పీతల మీద పరిశోధన చేస్తున్నారు. వారానికోసారి జాలరి ఒకాయన బుట్టెడు పీతలు తెచ్చి ఇస్తాడు. ఈయన వాటిని ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పి, ఒక్క చూపు చూసి, "మగ, మగ, ఆడ, మగ" అంటూ పోతారు. పక్కన కూర్చుని నేను రాసుకుంటాను. కొలతలూ ఫోటోలూ అయ్యాక బుట్ట వంటింట్లోకి వస్తుంది, దాని వెనకే నేనూ వస్తాను. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి, గిన్నెలు కడిగాక, కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వివరాలన్నీ ఒక వెబ్‌సైటులోకి ఎక్కిస్తాను, ఆయన పేరుతో, ఆయన పాస్‌వర్డుతో. "మా ఇంట్లో జీతం లేని టైపిస్టుంది" అని ఆయన స్నేహితులతో అంటారు. "మాకూ కాస్త అరువివ్వరాదూ" అంటారు వాళ్ళు. కప్పులు తీస్తూ మళ్ళీ నవ్వుతాను.

ఆ వెబ్‌సైటు పీతలదీ రొయ్యలదీ, వాటి చుట్టాలన్నిటిదీ. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పాత పుస్తకాల్లోని బొమ్మలు, మ్యూజియంలలో సీసాల్లో దాచిన పీతల ఫోటోలు, చూపించి చెప్పే వీడియోలు, తెలియనివి అడగడానికి ఒక చోటు, అన్నీ ఉన్నాయి. మా ఊరి బడిలో పన్నెండు వరకే చదివినదాన్ని. మొదట్లో పేజీకి ఇరవై మాటలు నిఘంటువులో వెతుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత పది, ఆ తర్వాత రెండో మూడో. ఒక వీడియోలో ఒక పెద్దావిడ, గోళ్ళ సందుల్లో మట్టితో, చిన్న పీతను అరచేతిలో పెట్టుకుని చెప్పింది. పొట్ట మీది మూత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది అన్నది ఎదిగిన పీతలకే పనికొచ్చే మాట. పిల్లప్పుడు ఆడదాని మూత కూడా సన్నగానే ఉంటుంది, ఈడేరి పెంకు విడిచినప్పుడే వెడల్పవుతుంది. కాబట్టి చిన్నవాటిని చూపుతో తేల్చకూడదు, మూత ఎత్తి చూడాలి. లోపల రెండు పుల్లల్లాంటివి ఉంటే మగ. ఈకల్లా నాలుగు జతలుంటే ఆడ.

అత్తగారు జాతకాలన్నది నేను పిన్నీసుతో మూతలెత్తుతున్నప్పుడే. ఆ రోజు బుట్టలో ఇరవై రెండు చిన్న పీతలున్నాయి. ఆయన అన్నిటినీ మగ అన్నారు. అందులో పదమూడు ఆడవి. ఫోన్‌తో ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసుకున్నాను.

వాటిలో మూడింటిని పళ్ళెంలో పెట్టి, మూతలెత్తి, భూతద్దంతో సహా ఆయన ముందు పెట్టాను. "ఏమండీ, ఒక్కసారి ఇవి చూడండి. మనం మగవని రాశాం."

"మనం ఏమిటి మనం?" అంటూనే ఆయన వంగారు. చూశారు. చాలాసేపే చూశారు. మెచ్చుకుంటారేమో అనుకున్నాను. నిజంగా అదే ఆశపడ్డాను. ఆయన బొటనవేలితో మూడు మూతలూ ఒకదాని తర్వాత ఒకటి మూసేశారు.

"ఈ మొగలో ఆడపీతలు దాదాపు లేవని నా వ్యాసం అచ్చయింది. పది మంది దాన్ని చూసి రాస్తున్నారు. తెలుసా నీకు?"

"తెలుసండీ. నేనేగా టైపు చేశాను."

"టైపు చెయ్యి. ఆలోచించే పని నాకొదిలెయ్. వండు ముందు, ఆకలేస్తోంది."

వండాను. ఉప్పు తక్కువైందన్నారు అత్తగారు.

రెండు నెలల తర్వాత, అంటే పోయిన వారం, వెబ్‌సైటులో ఆయన జాబితా కింద ఒక ప్రశ్న వచ్చింది. ఎక్కడో దూరాన ఇంకో ఏటి ఒడ్డున చదువుకుంటున్న అమ్మాయి అడిగింది. "సార్, మా దగ్గరా ఇలాంటి చిన్న పీతలే. మూత ఎత్తి చూస్తే సగానికి పైగా ఆడవి కనిపిస్తున్నాయి. మీరేమో లేవన్నారు. నేనెక్కడైనా తప్పు చేస్తున్నానా?"

ఆయన చొక్కా ఇస్త్రీ అయ్యేదాకా ఆగి, బొత్తాలు పెట్టుకుంటూ జవాబు చెప్పారు. "మీరు పొరబడ్డారు. అనుభవం లేనివాళ్ళకు అలా అనిపించడం సహజం. ఇంకా జాగ్రత్తగా చూడండి, అని కొట్టు." నా వేళ్ళు ఒక క్షణం ఆగాయి. "ఏమైంది, స్పెల్లింగు రావట్లేదా?" అన్నారు. కొట్టాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను.

ఈ రోజు మధ్యాహ్నం ఆమె మళ్ళీ రాసింది. "క్షమించండి సార్. నాదే పొరపాటు. రెండేళ్ళుగా రాసుకున్న నా లెక్కలు రేపు తీసేస్తాను. ఈ పని నాకు సరిపడదేమో."

వెనక గదిలో అత్తగారు కునుకు తీస్తున్నారు. ఆయన కాలేజీ నుంచి రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఆయన పేరు మీద జవాబిస్తే సాయంత్రానికల్లా ఆయనే చెరిపేస్తారు. నా పేరు మీద ఇస్తే చెరపలేరు, కానీ చూస్తారు. ఒకసారి స్నేహితుల ముందు ఒక తేదీ సరిదిద్దినందుకు పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పళ్ళెం ముందు కూర్చునేవారు, తినేవారు, లేచిపోయేవారు. "మగాడి నోట్లో మాట లాక్కుంటే అంతే మరి" అన్నారు అత్తగారు నన్నే చూస్తూ. ఈసారి పదకొండుతో ఆగదు. కంప్యూటర్ గదికి తాళం పడుతుంది. పుట్టింటికి ఫోన్ వెళ్తుంది. అమ్మ ఏడుస్తుంది. అన్నీ ఒకటొకటిగా ఊహించుకున్నాను. రెండేళ్ళ లెక్కలు ఆ అమ్మాయి చెరిపేసుకోవడం ఊహించుకోబోయాను, చేతకాలేదు.

కొత్త ఖాతా తెరిచాను. పేరు అడిగితే నా పేరు రాశాను. ఇంటిపేరు ఏది పెట్టాలా అని కాసేపు ఆలోచించి, ఏదీ పెట్టలేదు. చదువు గురించిన గడి ఖాళీగా వదిలేయవచ్చట. నమూనాలను ఎలా పరిశీలించారన్నది మాత్రం తప్పకుండా రాయాలట. 'మూత ఎత్తి, కళ్ళతో చూసి' అని రాశాను. పదమూడు ఫోటోలూ జతచేసి, ఆమె మాటల కింద జవాబు మొదలుపెట్టాను.

"మీ లెక్కలు తీసేయకండి. మీవి ఆడపీతలే. మావీ ఆడపీతలే, ఫోటోలు చూడండి. మీరు పొరబడ్డారని పోయిన వారం మీకు టైపు చేసింది నేనే. అప్పటికి రెండు నెలలుగా నాకు తెలుసు."