మేస్త్రి జుట్టు

మా సెలూన్‌కి మంగళవారం సెలవు. ఆ రోజు పొద్దున్నే కత్తెరల సంచీ తీసుకుని, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు పగలంతా గడిపే కేంద్రానికి వెళ్తాను. వాళ్ళకి ఊరికే జుట్టు కత్తిరిస్తాను.

మొదటి రోజే ఒకతను చీపురు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. వెంట్రుక నేలమీద పడడమే ఆలస్యం, ఊడ్చేస్తాడు. ఊడ్చి, కత్తిరించిన తల చుట్టూ తిరిగి చూస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న నాకు మళ్ళీ తనిఖీ ఒకటా అని ఒళ్ళు మండింది.

"ఏం మేస్త్రీ, బాగా కుదిరిందా?" అన్నాను వెటకారంగా.

చాలాసేపు చూసి, "ఎడమ చెవి దగ్గర ఎక్కువ ఉంది," అన్నాడు. నిజంగానే ఉంది.

మేస్త్రి అనే పేరు ఖాయమైపోయింది. పని అయ్యాక ఇద్దరం కిటికీ పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళం. మాటలు తక్కువ. సెలూన్‌లో వాగి వాగి అలిసిపోయే నాకు ఆ అరగంట ప్రాణానికి హాయిగా ఉండేది. తన తల మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. దువ్వెన చూపించినా లేచి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచింది. "వాడు నిద్రపోతున్నప్పుడు నేనే కత్తిరిస్తుంటాను బాబూ. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. మొన్న చెవికి గాటు పడింది. ఆదివారం మధ్యాహ్నం పడుకుంటాడు, ఒకసారి ఇంటికి రాకూడదూ?"

"నా చెయ్యి పడితే వెంట్రుకకే తెలియదమ్మా," అన్నాను. అదీ నా పొగరు.

ఆ ఆదివారం వాళ్ళింట్లో, కుడివైపు సగం అయ్యేసరికి మేస్త్రి కళ్ళు తెరిచాడు. అరవలేదు. కత్తెరని చూశాడు, నన్ను చూశాడు. దిండు మీది వెంట్రుకలు గుప్పిట్లోకి ఏరుకుని, తిరిగి తల మీద పెట్టుకోబోయాడు. అవి జారిపోతున్నాయి. మళ్ళీ ఏరుకుంటున్నాడు. వాళ్ళమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మంగళవారం నేను లోపలికి రాగానే అతను బయటికి వెళ్ళిపోయాడు. పై వారమూ అంతే. నేనే ఊడ్చుకుని, ఒక్కణ్ణే టీ తాగేవాణ్ణి. మొహం చెల్లక మానేద్దామనుకున్నాను. కానీ మానేస్తే, నిద్రలో దొంగచాటుగా వచ్చినవాడిగానే అతనికి గుర్తుండిపోతాను. ఆ ఆలోచనే భరించలేకపోయాను.

ఏడో వారం పని అయ్యాక కుర్చీలో నేనే కూర్చుని మెడకి గుడ్డ కట్టుకున్నాను. కత్తెర బల్ల మీద పెట్టాను. గుమ్మం అవతల అతని చెప్పులు కనబడుతున్నాయి.

"మేస్త్రీ, నిన్ను అడగకుండా చేశాను. తప్పు నాదే," అన్నాను.

చాలాసేపటికి వచ్చాడు. కత్తెర తీసుకుని, నా నుదుటి మీది జుట్టు పట్టుకుని ఆగాడు.

"కత్తిరించనా?"

నేను అతన్ని ఒక్కసారైనా అడగని మాట అది. తల ఊపాను. అది చాలలేదు. మాట కోసం అలాగే ఆగాడు.

"కత్తిరించు," అన్నాను.

ఒక్కసారే కత్తిరించాడు. తర్వాత చీపురు తెచ్చి శుభ్రంగా ఊడ్చాడు.

మర్నాడు సెలూన్‌లో నా నుదురు చూసి నవ్వనివాళ్ళు లేరు. ఇంత ఘనంగా ఎవడు చేశాడని అడిగారు. నా స్నేహితుడని చెప్పాను.

ఇప్పుడు మేస్త్రి జుట్టు భుజాలు దాటింది. ప్రతి మంగళవారం చివర్లో గుడ్డ దులిపి, "కత్తిరించనా?" అని అడుగుతాను.

"వద్దు," అంటాడు.

గుడ్డ మడిచేస్తాను. ఇద్దరం టీ తాగుతాం.